వాలు అక్షరాలు

హన్మకొండ చౌరస్తాల లారీయే స్టేజి.
నేను కింద, జేబుల నోట్‌బుక్కుతోని,
ఇంగ్లీషు పేపరుకు రెండొందల మాటలు రాసిచ్చేటోణ్ని.
పైన జన్ను కోమలక్క ఎగురుతున్నది.
ఎడమ కాలికి పగిలిన గజ్జె ఒకటి
ప్రతి దెబ్బకు రవ్వంత ఎనకబడుతున్నది.

రాత్రి ఫోన్ల డెస్కు సారు అడిగిండు:
"ధూంధాం అంటె ఏందయ్యా? డ్యాన్సా, మీటింగా, జాతరా?"
"ఆట సార్. కాదు, పాట. కాదు సార్, కోపం."
"ఒక్క మాటల చెప్పు, జాగ లేదు."
నాకు దొరకలే.

తెల్లారి పేపర్ల పదం వచ్చింది,
కిక్కిరిసిన బస్సుల ఒంటికాలి మీద ఒరిగిన మనిషి లెక్క,
వాలు అక్షరాలల్ల.
పక్కపొంటి బ్రాకెట్ల కాపలా:
ఒక సాంస్కృతిక నిరసన కార్యక్రమం.
కోమలక్కకు చదివి చెప్పిన.
"గింత సప్పగనా?" అన్నది
పిక్కలకు జిందా తిలిస్మాత్ రాసుకుంట.

ఆ ఏడు కాజీపేట కాడ పట్టాల మీద ఆడిర్రు,
ఆగిన ఇంజను మొకం ముందట, కంకర మీద.
ములుగు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి
అన్నం ఉడికేదాక ఆడిర్రు,
ఉడికినంక గూడ ఆడిర్రు, అది అడుగంటింది.
నేను రాసుకుంటనే పోయిన.
బ్రాకెట్లు ఎప్పుడు రాలిపోయినయో చూస్కోలే.
ఒకనాడు చూస్తె అక్షరాలు నిటారుగ నిలబడ్డయి.
డెస్కు సారు తన ఇంగ్లీషులనే అడిగిండు
రేపు ధూంధాం ఎన్నింటికని.
అర్థం అడగలే!
ఆ రాత్రి చాయ్ బండికాడ నేనొక్కణ్నే
ఏదో గెలిచినట్టు నిలబడ్డ.

అటెన్క పదం మాకు చెప్పకుంటనే తిరిగింది.
సుబేదారిల బట్టల దుకాణం మీద ఎక్కింది,
సగం ధర పక్కన.
క్రికెట్ చెప్పెటాయన నోట్లె సిక్సరై ఎగిరింది.
బడిల యాన్యువల్ డే ముచ్చట చెప్పుకుంట
మా చిన్నబిడ్డ "ఫుల్ ధూంధాం, డాడీ" అన్నది,
అది ఇంగ్లీషు మాటే అనుకొని.

మొన్న ఎంజీఎంల కోమలక్క కనబడ్డది,
చంకల ఎక్స్‌రే కవరు.
డాక్టరమ్మ కొత్త పిల్ల.
"ఏం పని చేసేవాళ్ళమ్మా? మోకాలు ఇంతలా అరిగింది."
అక్క నా దిక్కు చూసింది,
రాసేటోనివి నువ్వే గదా, చెప్పు అన్నట్టు.

"ధూంధాం" అన్న.
"ఓ, పెళ్ళిళ్ళలోనా?" అని రాసుకున్నది.

అక్క ఏమనలే.
ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకు పట్టింది.
తెల్లటి ఎముక,
కొంచెం పక్కకు వాలి.