పదిహేను నిమిషాల పద్దు

నాలుగొందల మందిలో ఆరుగురిని ఏరారట.
ఆ ఆరుగురిలో నేనొకదాన్నని
అబెర్డీన్‌లో అమ్మ చేపలమ్మేవాడికి కూడా చెప్పింది.
ఇక్కడ గ్లాస్గోలో, నాలుగో అంతస్తులో,
మొదటి నెలంతా నేను నేర్చుకున్నది
ఎవరి టీలో ఎన్ని చుక్కల పాలో.

రెండో నెల కత్తి చేతికిచ్చారు.
నల్ల అట్టల మీద ఇంకొకరి ఆలోచనలు అతికించి
అంచులు కోయడం. బొటనవేలు తెగింది.
స్ట్రూయన్ పరిగెత్తుకొచ్చి ముందు అట్ట చూశాడు,
మరక పడలేదని తేలాక నా వేలు.

సాయంత్రం ఐదున్నరకి టైమ్‌షీటు.
రోజుని పదిహేనేసి నిమిషాల ముక్కలు చేసి
ఒక్కో ముక్కా ఎవరి నెత్తిన వెయ్యాలో రాయాలి.
సబ్బుకి కోడుంది, బీమాకి ఉంది,
లిఫ్టులో ఇరుక్కుంటే దానికీ ఉంది.
కిటికీలోంచి చూస్తూ కూర్చున్నదానికి లేదు.

మార్చిలో నాకంటూ ఒక పని దొరికింది:
కట్టుడు పళ్ళకి జిగురు.
మిగతా ఐదుగురూ నవ్వారు. వాళ్ళకి కార్లు, విస్కీ.
"తిప్పి తిప్పి చెప్పకు మోర్వెన్,
ఒలిచి చేతిలో పెట్టు" అన్నాడు స్ట్రూయన్.
నలభై వాక్యాలు రాశాను.
అన్నీ చదివి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని
"నీకు ఇరవై మూడేళ్ళు, కనబడుతోంది" అన్నాడు.

నేను అద్దెకుండే ఇంటావిడ మిసెస్ పెట్రీ.
నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది,
వానకి తలుపేసినంత తొందరగా.
ఆ రాత్రి సూపులో రొట్టె నానబెడుతూ, అడక్కుండానే:
"ఆపిల్ కొరికి ఏడేళ్ళయింది.
రుచి గుర్తుందిలే. ఆ చప్పుడే."
అంతే. గిన్నె కడగడానికి లేచింది.

పళ్ళకీ పళ్ళకీ మధ్య ఏడేళ్ళు.
బల్ల కింద, మోకాలి మీద,
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను
దొంగలాగా.

స్ట్రూయన్ ఈసారి పెన్సిలు తియ్యలేదు.
"ఎక్కడిది?" అన్నాడు.
"తట్టింది" అన్నాను.

క్లయింటుకి నచ్చింది.
వాళ్ళ లాయరుకి ఆపిల్ నచ్చలేదు.
ఆపిల్ అంటే హామీ ఇచ్చినట్టవుతుందట.
మూడు మీటింగులు, రెండు పళ్ళేల బిస్కెట్లు,
చివరికి అరటిపండు దగ్గర రాజీ కుదిరింది.
అరటిపండుకి చప్పుడేమిటని నేననలేదు.
ట్రైనీలు మీటింగుల్లో అనరు, రాసుకుంటారు.
రాసుకున్నాను.

మే నెలలో బస్సుల వెనక వెళ్ళింది నా వాక్యం,
పసుప్పచ్చటి అరటిపండు పక్కన,
మొదటి మాట మీద బురద:
"ఆ చప్పుడు మళ్ళీ వినండి."
నా గొడుగులోనే నిలబడ్డ మిసెస్ పెట్రీ
వెళ్ళిపోతున్న దాన్ని చూసి
"మన బస్సు కాదులే" అంది.

ఆ శనివారం శాంపిల్ ట్యూబొకటీ, ఆకుపచ్చ ఆపిలొకటీ
వంటింటి బల్ల మీద పెట్టి, ఏం చెప్పాలో తెలీక
"ఆఫీసులో మిగిలాయి" అన్నాను.
ఆపిల్‌ని కొంచెం దూరం జరిపింది. మళ్ళీ దగ్గరికి లాక్కుంది.
"అటు తిరుగు" అంది.
తిరిగాను. కిటికీ, వాన, ఎదురింటివాళ్ళు మర్చిపోయిన దుప్పట్లు.
మూత ఊడిన శబ్దం. అద్దం కోసం సొరుగు లాగిన శబ్దం.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఉంది.

"పుల్లగా ఏడిచింది" అంది, నోటి నిండా.

సోమవారం టైమ్‌షీటు తెరిచాను.
శనివారానికి గడి లేదు.
అంచులో పెన్సిలుతో పదిహేను నిమిషాలని వేసి
కోడు దగ్గర ఆగాను.