సున్న

గురువారం సాయంత్రం. కువైట్, షర్క్‌లో పదిహేడో అంతస్తు.
కిటికీ అవతల తూజు లేచింది,
సముద్రం ఉండాల్సిన చోట గోధుమరంగు గోడ.
మనుషులు ఇళ్ళకు పోయారు.
మూతలు మూయొద్దని చెప్పి ఉంచిన మ్యాకులు
రెండువందల పద్నాలుగు
నా మాట కోసం మేలుకునే ఉన్నాయి.

వాటిలోకి కాపలావాణ్ణి పంపుతున్నాను.
కొత్త సాఫ్ట్‌వేర్. ప్రతి ఫైలూ తెరిచి చూస్తుంది,
వచ్చేపోయే ప్రతి మూటా విప్పి చూస్తుంది.
అంత చనువు కావాల్సినవాడు
ఊరికే గడప దాటకూడదు.
వాడికంటే ముందు ఒక కాగితం వెళ్ళాలి,
ప్రొఫైల్ అంటాం దాన్ని:
ఫలానావాడు వస్తున్నాడు,
డిస్కంతా చూడనివ్వండి,
నెట్‌వర్క్ వాకిట్లో కూర్చోనివ్వండి,
ఇంట్లోవాళ్ళను అడగనక్కర్లేదు.
అడుగున పది అక్షరాల గుర్తు,
తయారుచేసినవాడి వేలిముద్ర.

పోయిన రంజాన్‌లో తొందరపడ్డాను.
కాగితం దారిలో ఉండగానే మనిషిని పంపించాను.
తెర తెరకూ ఒక ప్రశ్న లేచింది:
అనుమతిస్తారా?
ఉపవాసం మీదున్న హనీన్ వద్దని నొక్కింది.
అకౌంట్స్‌లో జోబిన్ వద్దని నొక్కి, నాకు ఫోన్ చేసి
వైరస్ వచ్చిందన్నాడు.
తెలియనివాడు తలుపు తడితే ఎవరైనా అంతే.
బల్ల బల్లకూ వెళ్ళి బతిమాలడానికి వారం పట్టింది.

ఈసారి వరస తప్పలేదు.
ముందు ప్రొఫైల్.
ఒక్కొక్క పేరు పక్కనా పచ్చచుక్క పడేదాకా
రెప్ప వేయకుండా చూశాను.
తర్వాత ప్యాకేజీ.
లేచి మెడ విరుచుకుంటున్నాను,
ఎదురుగా హనీన్ మ్యాకు వెలిగింది:
అనుమతిస్తారా?
దాని పక్కది. దాని వెనకది.
ఒకడు ఆవులిస్తే వరసంతా ఆవులించినట్టు.

పెంచలయ్య సులేమానీ తెచ్చాడు.
చిట్వేలి మనిషి, ఈ అంతస్తుకు టీ, నీళ్ళు, తుడుపు.
"ఏమైంది సారూ?"
కాగితం చేరింది పెంచలయ్యా, పచ్చగానే ఉంది.
అయినా లోపలికి రానీడం లేదు.
గ్లాసు పెట్టి నిలబడ్డాడు.
"నాదీ అంతే అయింది సారూ, మొదటిసారి వచ్చినప్పుడు.
ముద్ర ఉంది, కఫీలు సంతకం ఉంది.
పేర్లో సున్న ఎగిరిపోయింది.
పాసుపోర్టులో పెంచలయ్య, వీసాలో పెచలయ్య.
ఎయిర్‌పోర్టు బెంచీ మీద రెండు రాత్రులు.
నువ్వు వాడివి కాదన్యారు.
నేనే అనేదానికి నా మొగం చాల్లేదు."

టీ తాగలేదు.
వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాను,
ఒకటో తరగతి పిల్లాడిలాగా.
ఏడోది.
అక్కడ ఉండాల్సింది ఓ. నేను కొట్టింది సున్నా.
రెండూ గుండ్రమే, రెండూ నా కంటికి ఒకటే,
యంత్రానికి మాత్రం
ఒకడు రావాల్సినవాడు, ఒకడు ఎవడో.
అతని పేర్లోంచి రాలిపోయిన సున్న
ఇన్నాళ్ళకు వచ్చి నా దాంట్లో పడిందేమో.

దిద్దాను. మళ్ళీ పంపాను.
తెరలు అడగబోయిన ప్రశ్నను
ఒక్కొక్కటే మింగేసి నిద్రపోయాయి.

పెంచలయ్య ఇంకా అక్కడే ఉన్నాడు.
"వాళ్ళు వద్దనుకుంటే ఆ కాగితం తీసెయ్యొచ్చా సారూ?"
కుదరదు. నేనే తీయాలి.
"అట్లయితే మీరు కఫీలన్నమాట!"
నవ్వాడు, పాత గ్లాసు తీసుకుని పోయాడు,
పోతూ పోతూ చొక్కా జేబు తడుముకున్నాడు,
సివిల్ ఐడీ అక్కడే ఉందా అని.

నేను కఫీలును.
ఇంకో కిటికీ తెరిచాను, హెచ్.ఆర్. వాళ్ళది.
జూన్‌తో అయిపోయే అకామాల జాబితాలో
పదకొండో పేరు నాది.
దాని పక్కన చుక్క పసుపు.
స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో
రెండుసార్లు చూసుకున్నాను.