నల్ల గడి

నేనిచ్చింది రెండు కాగితాలే.
అడ్డంగా నిలువుగా గీతలు కొట్టిన గడులు:
ఎన్నింటికి, ఎంత తాగింది, ఎంత పోసింది,
తడి ఉందా, లేదా.
చివర్న ఓ సన్నటి గడి, ఇంకేమైనా చెప్పాలనిపిస్తే.
దాన్నెవరూ నింపరు.

వాటితో ఓ ప్లాస్టిక్ కొలగిన్నె,
"మళ్ళీ దీన్ని వంటింట్లోకి తేకండి" అన్న నా పాత జోకు.
బైన్తా నవ్వలేదు.
ఆర్నెల్లుగా చేతిసంచిలో
ఓ జత లోదుస్తులు అదనంగా మోస్తున్న తల్లికి
నా జోకుతో ఏం పని.

సున్‌వాకి ఏడేళ్ళు.
కుర్చీ అంచున, ఒక మడమ కిందికి మడిచి,
బరువంతా దాని మీద వేసి కూర్చుంది.
నాకు తెలుసు ఆ కూర్చోడం.
ఉగ్గబట్టుకోవడం అలవాటైన పిల్లలు
ఎవరూ నేర్పకుండానే నేర్చుకునే ఆసనం.

శని, ఆదివారాలు రాసింది వాళ్ళ నాన్న.
ట్రాలర్ మీద లాగ్‌బుక్ నింపే చెయ్యి,
ప్రతి అంకె పక్కనా గాలి దిక్కు కూడా వేశాడు.
ఏడున్నర, నూట తొంభై మిల్లీలీటర్లు, వాయవ్యం.
పది, నూట అరవై, పడమర.
తడి లేదు. తడి లేదు. తడి లేదు.
ఏడుకి ఒకటి కలిపి ముప్పైతో హెచ్చించి చూసుకున్నాను,
ఎక్కడా తేడా లేదు.
అంతా బాగానే ఉంది అనబోయి ఆగాను.
బాగానే ఉన్నదాని కోసం
సముద్రం కింది సొరంగం దాటి
క్లాక్స్‌విక్ దాకా ఎవరొస్తారు?

"సోమవారం కూడా రాసి తెండి."

సోమవారం నాన్న సముద్రం మీద ఉన్నాడు.
వంకర అంకెలు సున్‌వావే.
ఏడుంబావుకి రెండు వందల పది.
తర్వాత ఏమీ లేదు.
ఏమీ లేదు.
నీళ్ళ సీసా నింపినట్టే ఇంటికొచ్చింది.
మూడింటికి, బూట్లు విప్పకుండా పరిగెత్తి,
నాలుగు వందల ముప్పై.
తడి: అవును.

దాదాపు ఎనిమిది గంటలు.
పెద్దదాన్ని, నేనే ఆ లోపు మూడుసార్లు వెళ్ళొస్తాను.

ఆ గంటల పక్కన, ఎవరూ నింపని గడిలో
పెన్సిల్‌తో రుద్ది రుద్ది నలుపు,
కాగితం కాస్త చిరిగింది కూడా.
"పిచ్చిగీతలు, ఏమీ అనుకోకండి" అంది బైన్తా.
"ఇదేంటమ్మా?" అన్నాను సున్‌వాతో.
తలెత్తలేదు.
"దీపం."

బడి బాత్రూంలో
మనిషి కదిలితేనే దీపం వెలుగుతుందట. పొదుపు.
ఈ పిల్ల కదలదు,
ఇంట్లో నేర్పినట్టు బుద్ధిగా కూర్చుంటుంది.
ఇరవై లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది.
డిసెంబరులో ఫారో దీవుల సూర్యుడు
పదింటిదాకా లేవడు, లేచినా
ఆ గదికి కిటికీ లేదు.
చేతులూపేది, గోడకి వీడ్కోలు చెప్తున్నట్టు.
ఓ రోజు ఎంత ఊపినా వెలగలేదు.
ఆ మర్నాటి నుంచి నీళ్ళు తాగడం మానేసింది.

"చీకటంటే భయమా?"
"కాదు. చీకట్లోనేగా పడుకుంటాను.
చెప్పకుండా ఆరిపోతుంది."

బడి బాగోగులు చూసే యూస్తినుస్‌కి ఫోన్ చేశాను.
ఎన్ని నిమిషాలు కావాలి, అన్నాడు.
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పది అన్నాను.
"పదిహేను పెడతా.
నా గదిలోనూ అదే దీపం.
చేతులూపీ ఊపీ విసిగిపోయాను."

మార్చిలో కొత్త కాగితాలొచ్చాయి.
తడి పూర్తిగా పోలేదు, వారానికి రెండుసార్లు.
బైన్తా సంచి ఇంకా లావుగానే ఉంది.
కానీ మంగళవారం, పదింటికి, బడిలో,
ఉన్ని మేజోడులో చుట్టి తీసుకెళ్ళిన కొలగిన్నెలో
నూట ఇరవై.
పక్కన, చివరి గడిలో,
కిటికీ లేని ఆ గదిలో ఎలా తెలిసిందో మరి,
వంకర అక్షరాలతో:
గాలి, ఈశాన్యం.