వెంట్రుకవాసి

ముహర్రక్‌ల మా దుకాణం బోర్డు మీద
కత్తెర బొమ్మ ఉంటది గని
పదకొండేండ్ల సంది దారం తెంపింది నా పన్నే.
తోబుకు ఎన్ని ముడులో
అన్ని కొరుకుళ్ళు.

దవడపన్నుకు గుంట పడ్డది మాత్రం చాయ్‌తోటి.
ఎల్లేశం లవంగం పెట్టుమన్నడు.
నాలుగు రోజులు లవంగం,
ఐదోనాడు
ఆరు దినార్లకు సిమెంటు.
బుగ్గల సూది తిమ్మిరి దిగకముందే
"కొరుకు, సక్కగున్నదా?" అని హిందీల అడిగింది డాక్టరమ్మ.
మొద్దుబారిన నోరు ఏం సాక్ష్యం చెప్తది?
తల ఊపి, బయటికొచ్చి ఎండల నిలబడ్డ.

రాత్రి ఖుబ్బూస్ నములుతుంటె తెలిసింది
నా నోట్లె ఎవడో కొత్తగ కిరాయికి దిగిండని.
అన్ని పండ్లకంటె ముందుగాల వాడే తగులుతడు,
పిలవని పెండ్లిల మొదటి బంతికి కూసున్నోని తీరు.
మిగిలినోళ్ళంత
విస్తరాకులు పట్టుకోని నిలబడ్డరు.

వారం దాటింది.
చెవి ముందట టక్కు.
ఆవులిస్తె టక్కు.
"ఛాతి నలభై రెండు" అని కొలత చదివితె
నలభైకి రెండుకు నడుమ టక్కు.
కాజాలు కుట్టే మొఫిజుల్ నవ్విండు,
"ఉస్తాద్, నీ మిషినుకు నూనె పొయ్యాలె" అని.
కణత దాక గుంజుతుంటె నాకు నవ్వు రాలే.
పై మంచం మీదికెళ్ళి ఎల్లేశం:
"ఏందే రాజీరు, రాత్రంత కంకర నములుతున్నవ్!"
నేనా?
నాకేం తెలుసు. నేను నిద్రల ఉంటి.

బూ రాషిద్ తాతలు ముత్యాలకు మునిగినోళ్ళట.
చేతులు పొడుగైనయని తోబు తెచ్చి
నా బుగ్గ చూసి అన్నడు:
"ఓపిక పట్టు. ఆల్చిప్పల ఇసుక ఇరుక్కుంటెనే ముత్యం."
బాబా, ఆల్చిప్పకు గురువారం డెలివరీ ఉంటదా
అని అడుగుదామని నోరు తెరిచిన.
టక్కుమన్నది.
తోబు తీసుకోని లోపలికి పోయిన.

ఆ సాయంత్రమే ఇంకొకాయన,
బాంకుల పనిచేసే సూడాన్ మనిషి,
భుజం పడుతున్నదని వచ్చిండు.
విప్పి చూసిన.
ఎడమ దిక్కు కుట్టుల నూలుపోగంత బట్ట ఎక్కువ పట్టింది.
గంతే.
దానికి మొత్తం అంగీ పక్కకు వాలింది.
నెల రోజుల సంది ఆ మనిషి
ఒక భుజం ఎత్తి నడుస్తున్నడు,
తప్పు తన ఒంటిదే అనుకోని.
నేను టేపు చేతుల పట్టుకోని
దవడ మీద చెయ్యేసుకున్న.

మళ్ళ పోయిన.
పండ్ల నడుమ నీలి కాయిదం పెట్టింది.
కొరుకుమన్నది. అటిటు నూరుమన్నది.
అద్దంల చూపిచ్చింది:
సిమెంటు నెత్తిన ఒకటే నీలిచుక్క,
మా సుద్ద గుర్తు లెక్కనే.
జర్రుమని గీకింది.
మళ్ళ కాయిదం. మళ్ళ జర్రు.
వెంట్రుకవాసి పోయింది,
పండ్లన్ని ఒక్కసారి బంతికి కూసున్నయి.
పైసలు తీసుకోలే.
అల్టరేషన్‌కు మేం గూడ తీసుకోం.

లేవబోతుంటె ఆపింది.
రెండు చెవుల ముందట వేళ్ళు పెట్టి
తెరువు, ముయ్యి అన్నది.
కుడి దిక్కు సప్పుడు లేదు.
ఎడమ దిక్కు టక్కు.
"ఇది నా సిమెంటుది కాదేమో. పాతది గావచ్చు.
ఎన్నేండ్ల సంది ఒకటే దిక్కు నములుతున్నవ్?"

ఏం చెప్పాలె.
ఎవలెవలి మెడ, నడుము, మోచెయ్యి
నా బుక్కుల రాసున్నయి,
సచ్చిపోయినోళ్ళయి గూడ.
నా నోరు ఏ దిక్కు వాలి ఉన్నదో
ఏ పేజీల లేదు.

నాలుగు వందల ఫిల్స్ పెట్టి
దారం తెంపే చిన్న కత్తెర కొన్న.
నాడ కట్టి మెడల ఏసుకున్న.
రెండు దిక్కుల నములుడు నేర్చుకుంటున్న,
పసిపోరని లెక్క, యాది పెట్టుకోని.

అయినా ముడి పడంగనే
చెయ్యి లేవకముందు తల ఒంగుతది.
కత్తెర రొమ్ము మీద ఊగుతనే ఉంటది.
ఇందాక ఏదో టక్కుమన్నది,
దారం తెగింది.
దవడనా, కత్తెరనా
మొఫిజుల్‌ను అడిగితె
వాడు తలెత్తలే.