తలుపు కూడా ఒక పాయింటే

నరీన్‌లో ఈ రాత్రి మైనస్ ఇరవై ఏడు.
కంట్రోల్ రూములో నేను, చల్లారిన టీ,
గోడ నిండా పాత బోర్డు.
ముప్పై ఏళ్ళుగా రెప్ప వేయకుండా
నాతో కాపలా కాసిన దీపాలు.
దాని ముందు
ఇంకా అట్టపెట్టె వాసన పోని
నాలుగు కొత్త తెరలు.

ఫోనులో కచ్కిన్‌బాయ్.
కనుమ మీది సబ్‌స్టేషన్‌లో
ఇరవై రెండు చలికాలాలుగా ఒక్కడే.

"బ్రేకర్ ఏడు. తెరువు."
"తెరిచాను."
తెర మీద ఎర్ర గడి పచ్చబడింది.
బిష్కెక్ నుంచి వచ్చిన సైకల్
జాబితాలో టిక్కు పెట్టింది.
"మూయి."
"మూశాను."
ఇంకో టిక్కు.

నాలుగు రోజులుగా ఇదే జపం.
లైన్ క్లియర్ తీసుకోవడం, ఒక్కో స్విచ్చునీ పేరు పెట్టి పిలవడం,
అది పలికిందో లేదో తెరలో చూసుకోవడం.
ఆరువందల నలభై మూడు పాయింట్లు.

"గుర్రప్పిల్లకి జీను అలవాటు చేస్తున్నట్టుంది" అన్నాడతను.
"రేపట్నుంచి నీ చెయ్యి ఇంత పొడుగు, బురుల్చా.
అక్కడ కూర్చునే ఇక్కడ మీట నొక్కుతావు."
నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

అలాగని పాతదాన్ని నెత్తిన పెట్టుకోను.
నిరుటి జనవరిలో తీగ తెగిన రాత్రి
ఒక్క స్విచ్చు తెరవడానికి
నడుము లోతు మంచులో
అతను నలభై నిమిషాలు నడిచాడు.
ఆ నలభై నిమిషాలూ
కాన్పుల వార్డులో ఒక నర్సు
టార్చిలైటు పళ్ళతో పట్టుకుని నిలబడింది.
కొత్త తెరకి ఆ పని రెండు సెకన్లు.
రెండంటే రెండే.
నేనే లెక్కపెట్టాను, రెండుసార్లు.

"బ్రేకర్ తొమ్మిది."
పలకలేదు.
"తొమ్మిది!"
దూరంగా దబ్బుమని చప్పుడు.
"ఆఁ, తెరుచుకుంది.
చలికి మొరాయిస్తుంది. మడమతో ఒకటి తగిలించాలి."
సైకల్ తల గోక్కుంది.
"ఇది ఏ కాలమ్‌లో రాయాలక్కా?"
రిమార్కుల గడిలో నలభై అక్షరాలే పడతాయి.
'చలిలో తన్నవలెను' అని రాసి,
చెరిపి,
మళ్ళీ అదే రాసింది.

భోజనాల వేళ
అతను ఫోను తీసుకెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనించాడు.
"విను. యాభై లేదు. నలభై తొమ్మిదీ పాయింట్ ఎనిమిది."
తెర వైపు చూశాను.
నలభై తొమ్మిదీ పాయింట్ ఎనిమిది ఒకటి.
ఆ చివరి ఒకటి దగ్గరే
మనిషి చెవి ఓడిపోయింది.

తెల్లవారుజామున మూడున్నర.
"ఇంకా ఎన్ని?"
"ఒక్కటే. తలుపు."
"ఏ తలుపు?"
"నీ గదిది. ఎవరైనా తీస్తే ఇక్కడ గంట మోగాలి.
ఇక మీదట అక్కడ మనిషి ఉండడు కదా..."
మాట సగంలో నాలుక కరుచుకున్నాను.
ఫోనులో గాలి తప్ప ఏమీ లేదు.

"తెరువు."
"తెరిచాను."
గంట మోగింది. పాత బోర్డు మీద ఎన్నడూ వినని గొంతు.
"మూయి."
"లోపలుండి మూయనా, బయటికెళ్ళి మూయనా?"

జాబితాలో ఆ వివరం లేదు.
సైకల్ పెన్ను ఆపి
నా మొహంలోకి చూసింది.

"పొయ్యి ఆర్పేశావా?" అనడిగాను.
"లేదు. కెటిల్‌లో ఇంకో కప్పుంది."
"అయితే లోపలుండే మూయి."

గంట ఆగింది.
తలుపు మూసి ఉన్నది, అంది తెర.
ఆరువందల నలభై మూడో టిక్కు పడింది.

ఫోను పెట్టేయలేదు నేను.
అతనూ పెట్టలేదు.
కాసేపు
అతను టీ ఊదుకుంటున్న చప్పుడు విన్నాను.
దానికి పాయింటు లేదు.