ఐదు నిమిషాలు కూచో

పదిన్నర దాకా నీళ్ళు ముట్టను.
ఆ తర్వాత రెండు గుక్కలు, గొంతు తడిసే మటుకు.
బెంగళూరు మ్యాపు ఫోన్లో ఒకటుంది,
పొత్తికడుపులో ఇంకొకటుంది.

సిల్కు బోర్డు పక్క పెట్రోలు బంకు: తాళం.
తాళంచెవి మేనేజరు దగ్గర,
మేనేజరు భోజనానికి.
బీటీఎంలో దర్శిని: కాఫీ తాగితేనే లోపలికి దారి,
తాగితే గంటకి మళ్ళీ అదే బాధ.
మాల్లో గార్డు నా వీపుమీది పెట్టె చూసి
వెనక గేటు చూపిస్తాడు.

మిగిలింది జయనగరంలో ఈ పార్కు.
గులాబిరంగు పూలు రాలిన దారి చివర
‘మహిళెయరు’ అని రాసిన గోడ,
రాతకింద ముఖం చెరిగిన చీరకట్టు బొమ్మ,
బొమ్మకింద నీలం ప్లాస్టిక్ కుర్చీలో
సుంకులమ్మ.
చిల్లర డబ్బా, ఫినాయిలు సీసా,
ఒళ్ళో సగం ఒలిచిన అనపకాయలు.

మొదటిరోజు “ఎష్టు?” అన్నాను.
“ఐదు రూపాయలు మా. కాళ్ళు కడుక్కుంటే ఊరికే” అంది తెలుగులో.
ఫోన్లో మా అమ్మని నేను కసురుకోవడం విన్నదట.
నాది కదిరి. ఆమెది పావగడ అవతల ఏదో పల్లె.

లోపల తలుపుకి గడియ పడుతుంది.
రాస్తే ఇంత చిన్నమాట.
గడియ పక్కన, నా భుజమంత ఎత్తులో, ఒక మేకు.
కాంట్రాక్టరు మరిచిన మేకు,
సుంకులమ్మ రాయి పెట్టి కొట్టింది.
అంతకుముందు ఎన్నేళ్ళు
చేతిసంచీ పట్టీ పళ్ళతో కరుచుకుని కూచున్నానో!

పక్కన స్నానాల గది.
షవరులోంచి చీమలు వస్తాయి, నీళ్ళు బకెట్లో ఉంటాయి.
ఆగస్టు వానలో బస్సొకటి
మురుగంతా నా మీద చిమ్మి పోయినరోజు
తన సబ్బు రెండుగా విరిచి ఇచ్చింది.
“పది రూపాయలు. రేపియ్యి.”

నిన్న మధ్యాహ్నం పలకరిస్తే పలకలేదు.
మోకాళ్ళు బిగబట్టి కూచునుంది.
“పాపా, ఐదు నిమిషాలు ఈడ కూచో, నేను పోయొస్తా.
ఆరుగంటలకి వచ్చినా.
డబ్బా ఇడిసి పోతే సూపర్వైజరు ఊరుకోడు.”

తలుపు ఏడడుగుల దూరంలో ఉంది.
రెండేళ్ళుగా వస్తున్నాను,
నాకు తోచనే లేదు.

కూచున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది.
ఒక తాత పది నోటిచ్చాడు, ఐదు తిరిగిచ్చాను.
స్కూలు బట్టల్లో ఒక పిల్ల
ఖాళీ అరచేయి చూపించి నిలబడింది.
వెళ్ళమన్నాను. వెళ్ళాక నా జేబులోంచి ఐదు
డబ్బాలో వేశాను.
ఫోను మోగుతోంది, బండిమీద
ఎవరిదో బిరియానీ చల్లారుతోంది.
మోగనీ.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది,
నెమ్మదిగా, అంగలు సాగదీసుకుంటూ.
డబ్బాలో చూసి,
“ఆ పిల్ల రోజూ వస్తాది. నేను తీసుకోను”
అని నా ఐదు ఏరి నా చేతిలో పెట్టింది.
బిళ్ళ తడిగా ఉంది.

అనపకాయలు ఒళ్ళోకి లాక్కుని,
నన్ను చూడకుండా అడిగింది:
“రేపు ఇదే టయానికి వస్తావా?”