గోరు మీద లెక్క

పాతబస్తీ క్యాజువాల్టీ, రాత్రి రెండు.
లాడ్ బజార్ లక్క గాజుల నఫీసా బీ.
ఎడమ బొటనవేలికి అగ్గి తగిలి చిన్న బొబ్బ,
వారం తిరిగేసరికి రక్తమంతా విషం.

యాంటీబయాటిక్ ఎక్కింది.
లాక్టేట్ యంత్రం మళ్లీ పాడు.
మొన్న చదివిన పరిశోధన గుర్తొచ్చింది:
గోరు నొక్కు, వదులు,
ఎరుపు తిరిగొచ్చేదాకా లెక్కపెట్టు.

ఎడమ గోళ్లన్నీ మైదాకే.
కుడి చేతికి పెట్టేవాళ్లు లేరేమో,
ఖాళీగా ఉంది. అదే నొక్కాను.
ఏడు సెకన్లు.

"ఇంకో సెలైన్ వద్దు సార్, ఛాతీ గురగురమంటోంది"
ఎస్తేరు సిస్టర్ నోరాడ్ సన్నగా వదిలింది.
ఆరు. ఆరే. ఐదు.
అరగంటకోసారి ఆ చెయ్యే పట్టుకుని.

అజాన్ వేళకి మూడు.
ఆమె కళ్లు తెరవకుండానే,
"గాజుల సైజు చూస్తున్నవా బేటా?"